బోర్డు మీద పది నిమిషాలు

ఆ చిన్న విమానాశ్రయంలో బయలుదేరే వేళ, చేరే వేళ బోర్డు మీద రాసేది ఆయనే. అవతలి ఊరి విమానాశ్రయం అక్కడికి రెండువందల పది కిలోమీటర్లు. పంకాల విమానం నలభై నిమిషాల్లో వాలిపోతుంది. బోర్డు మీద మాత్రం యాభై అని ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే తంతు. అందుకే ఆయన్ను అందరూ పది నిమిషాల బాబాయి అంటారు.

ఇందులో ఏదో మోసం ఉందనుకోకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎదురుగాలికి విమానం ఆరు నిమిషాలు ఆలస్యమైతే, ఏమైపోయిందోనని ఓ ముసలావిడ ఆ గచ్చు మీదే కూలబడి గుండెలు బాదుకుంది. ఆ ఏడుపు చూడలేక ఈయన పది కలిపేశాడు. ఆ రోజు నుంచి ఏ విమానమూ ఆలస్యం కాలేదు! పైలట్లు నవ్వుకున్నారు, జనం మెచ్చుకున్నారు.

కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన, మహా తెలివైనవాడు, ఎవర్నీ అడక్కుండా ఆ బోర్డు చూసే ఓ కాగితం రాసి గోడకు అంటించాడు. చేరే వేళ దాటి అరగంటైనా కబురు లేకపోతే వెతకడానికి మనుషుల్ని పంపాలట. బాబాయి అది చదివాడు. అప్పుడే ఒక్క ముక్క చెబితే సరిపోయేది. పరువు అడ్డొచ్చి నోరు కుట్టేసుకున్నాడు.

ఇవాళ ఆ విమానంలో ఆయన కూతురుంది. కొత్త ఉద్యోగంలో చేరబోతోంది. విమానం తొమ్మిదీ పదికి లేచింది. తొమ్మిదీ యాభైకి ఆయన అవతలికి ఫోన్ చేశాడు.

"ఇంకా రాలేదన్నయ్యా," అన్నాడు అక్కడి గుమాస్తా. "కొండల మీద మబ్బు పట్టింది. రోజూ ముందే వచ్చేస్తుంది కదా, ఇవాళ టైముకొస్తుందేమోలే."

బాబాయి బోర్డు వంక చూశాడు. తన చేత్తో రాసిన యాభై నిమిషాలే, అంటే చేరే వేళ పది గంటలు. పాడు మనసు, ఆ అంకెనే పట్టుకుని కాస్త కుదుటపడింది. అలా పదిహేను నిమిషాలు కూర్చుండిపోయాడు. పదీ ఐదుకు మళ్లీ ఫోన్ చేస్తే అదే జవాబు. అప్పుడు పరుగున మేడ మెట్లెక్కాడు.

"కాగితం ప్రకారం పదిన్నరకి కదండీ," అన్నాడు అధికారి, చేతిలో టీ కప్పు దించకుండా.

"ఆ యాభై నిమిషాలు అబద్ధం సార్. నలభైయే. పది నేను కలిపాను. ఇప్పుడే పంపించండి."

"ఎప్పట్నుంచి కలుపుతున్నావు?"

"మొదట్నుంచీ సార్."

అధికారి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోనందుకుని, వెంటనే కొండల వైపు జీపులు పంపమని అవతలివాళ్లకు చెప్పాడు. అప్పటికి పదీ పన్నెండు.

బాబాయి కిందికి దిగేసరికి బల్ల మీద ఫోన్ మోగుతోంది. భార్య.

"అమ్మాయి దిగిందా?"

"ఇంకో పది నిమిషాలు," అన్నాడు. అలవాటైన నోరు, అదే పలికింది.



"నాతో కూడానా?" అందావిడ. "మీ పది తీసేసే కదండీ నేనెప్పుడూ చూసుకునేది. నా బిడ్డ తొమ్మిదీ యాభైకే దిగాలి. ఏదీ నా బిడ్డ?"