బానెట్టు మీద ముత్యాలు

నీటిబొట్టు గుండ్రంగా నిలిచినంత మాత్రాన దాని కింద ఉన్నదంతా క్షేమమేనని మీకు ఎవరు చెప్పారు? పోయిన వారం రాజమండ్రిలో, కార్లకు మెరుగుపూత వేసే ఒక దుకాణంలో నిలబడి ఉండగా ఈ ప్రశ్న నా నాలుక చివరి దాకా వచ్చింది. మగ్గిన అరటిపండును తలపించే పాలిష్ వాసన గది నిండా కమ్ముకుని ఉంది. సేల్స్‌మన్ ఒక బానెట్టు మీద నీళ్లు చిలకరించి, "చూడండి మేడమ్, ముత్యాల్లా ఎలా దొర్లుతున్నాయో! ఇంక మీ పెయింటుకి ఏమీ కాదండి" అన్నాడు. నేను ఆపుకోలేక నవ్వేశాను. అతను నొచ్చుకున్నాడు. నవ్వింది అతన్ని చూసి కాదని చెప్పాలంటే ముందు విశ్వనాథం మాస్టారి గురించి చెప్పాలి. మీరూ ఆయన్ని ఎరగరు కనుక, ఆ పని ఇక్కడ చేస్తున్నాను.

మాస్టారు కాకినాడలో మా వీధిలోనే ఉండేవారు. ఫిజిక్స్ లెక్చరరుగా రిటైరైనా, మా కాలేజీ డిబేట్ జట్టుకు శిక్షణ ఇవ్వడం మాత్రం మానలేదు. "రుజువు చూపించు, తర్వాతే గొంతు పెంచు" అన్నది ఆయన మొదటి సూత్రం. ఆ సూత్రానికి ఉన్న ఒకే ఒక్క మినహాయింపు, ఆయన ఇంటి ముందు నిలిచి ఉండే ముదురు నీలం కారు. ఆదివారం ఆదివారం దాని బానెట్టుకు మైనం రుద్దేవారు. ప్రతి ఉదయం కాఫీ తాగి, చెంబుడు నీళ్లు తెచ్చి బానెట్టు మీద పోసి, దారిన పోయేవాళ్లను ఆపి మరీ చూపించేవారు. పొద్దున్నే ఉప్పాడ నుంచి చీరల మూటలు తెచ్చుకునే సత్తిబాబు గారు, వ్యాను ఆపి ఆ దర్శనం చేసుకోకుండా ముందుకు కదిలేవారు కాదు.

"ముత్యాలేనంటారా మాస్టారండి?"

"ఆయ్, ముత్యాలే! బొట్టు ఇలా గుండ్రంగా నిలిచిందంటే పూత గట్టిగా ఉన్నట్టే సత్తిబాబూ. ఉప్పుగాలి కాదు కదా, సముద్రమే వచ్చి మీద పడ్డా భయం లేదు. కడగక్కర్లేదు."

ఆ చివరి మాటను సత్తిబాబు గారు వేదవాక్కుగా స్వీకరించారు. తన కొత్త వ్యానుకు కూడా మైనం పట్టించి, కెరటాలు ఎగిసిపడే ఉప్పాడ సముద్రపు రోడ్డు మీద రోజూ తిరుగుతూ, కడగడం అనే అలవాటుకే స్వస్తి చెప్పారు. మాస్టారి భార్య రాజ్యలక్ష్మి గారు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ ఈ సిద్ధాంతాన్ని గేటు దగ్గర నుంచే ఖండించేవారు. "ఏవండీ, మీ ముత్యాలు ఎండాక తెల్లటి మచ్చలవుతున్నాయి. బోరునీళ్ల ఉప్పంతా అక్కడే ఉంది. ముత్యాలు మీవీ, తుడుపు నాదీనా?" మాస్టారికి ఆ ఖండన వినిపించేది కాదు. ఇంట్లో నుంచి వచ్చే వాదన ఏ పోటీ నియమావళి కిందకూ రాదని ఆయన అభిప్రాయం కాబోలు.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా రాజమండ్రిలో అంతర్ కళాశాలల పోటీకి జట్టును ఎంపిక చేయవలసి వచ్చింది. మిగిలింది ఒక్క చోటు. ఆ చోటు కోసం నేను ఎంత తపించానంటే, అద్దం ముందు అభ్యసిస్తూ అద్దాన్నే రెండుసార్లు ఓడించాను. ఎంపిక మాస్టారి ఇంటి వాకిట్లోనే. ఆయన కారు వైపు ఒకసారి మురిపెంగా చూసుకుని అంశం ప్రకటించారు: "నీటిబొట్లు ముత్యాల్లా నిలవడమే కారు పూత రక్షణకు రుజువు." చీటీ తీస్తే నాకు వచ్చింది వ్యతిరేక పక్షం.

పక్కనున్నవాళ్లు నా వైపు జాలిగా చూశారు. తీర్పరి ఆయనే, కారు ఆయనదే, సిద్ధాంతమూ ఆయనదే. మెత్తగా మాట్లాడి ఓడిపోతే ఆయన సంతోషిస్తారు, కానీ నాకు చోటు దక్కదు. గట్టిగా మాట్లాడి గెలిస్తే ఆయన నొచ్చుకుంటారు, అప్పుడూ దక్కదేమో! ఎలాగూ పోయేదే అయితే నిజం చెప్పి పోగొట్టుకోవడం మేలనిపించింది. సిద్ధపడడానికి ఇచ్చిన కాసేపట్లో రాజ్యలక్ష్మి గారిని అడిగి పెరట్లోంచి ఒక చేమాకు, వంటింట్లోంచి కొబ్బరినూనె సీసా తెచ్చుకున్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు. "సీసా ఖాళీ అయినా పర్లేదమ్మా" అని మాత్రం అన్నారు.

ముందు చేమాకు మీద నీళ్లు పోశాను. బొట్లు మాస్టారి ముత్యాల కంటే గుండ్రంగా దొర్లాయి. ఆకును వెలుతురుకు ఎత్తి పట్టి అందరికీ చూపించాను. జల్లెడలా ఉంది. "అధ్యక్షా, ఈ ఆకు మీద నీటిబొట్టు ముత్యంలా దొర్లిపోయింది. పురుగు మాత్రం నిలిచి, స్థిమితంగా భోంచేసి వెళ్లింది." తర్వాత, అనుమతి అడిగితే దొరకదని తెలుసు కనుక అడగకుండానే, మైనం తగలని వెనక డిక్కీ తలుపు మీద కొబ్బరినూనె రాసి నీళ్లు చల్లాను. అక్కడా ముత్యాలే. "ఇది రక్షణ అయితే, మా అమ్మమ్మ తల కోనసీమలోకెల్లా భద్రమైన వాహనం. కనుక బొట్టు చెప్పేది ఒక్కటే, పైపొరకు నీళ్లంటే గిట్టదని. ఆ పొర ఎంత మందమో, ఎన్నాళ్లుంటుందో, ఉప్పును ఆపుతుందో లేదో బొట్టుకేం తెలుసు? కాబట్టి ఈ మైనం వట్టి దండగ!"

చప్పట్లు మోగాయి. మాస్టారు లోపలికి వెళ్లిపోయారు. ఎంతకీ రాలేదు. రాజ్యలక్ష్మి గారు మాకు మజ్జిగ ఇస్తూ, "కంగారు పడకండి. సమాధానం దొరక్కపోతే ఆయన ఇలాగే కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంటారు. మా పెళ్లైన కొత్తలో రెండు కళ్లజోళ్లు అరిగిపోయాయి" అన్నారు.

చివరికి ఆయన వచ్చారు.

"ఏమ్మా సుధా, బొట్టు రక్షణకు రుజువు కాదన్నావు. ఒప్పుకున్నాను. మరి రక్షణ లేదనడానికి అది రుజువా?"

"కాదండి."

"మరి మైనం దండగని ఎలా తేల్చావు?"

"తేల్చలేదండి. ఊపులో అనేశాను."

"అయితే ఇద్దరం ఒకే గోతిలో ఉన్నాం. నేను ముందు పడ్డాను, నువ్వొచ్చి నా మీద పడ్డావు. రేపు పొద్దున్నే వచ్చి ఆ నూనె కడుగు. ఫలితం అప్పుడు చెప్తాను."

మర్నాడు వెళ్లేసరికి రోడ్డు దుమ్మంతా ఆ నూనెకు పట్టి, డిక్కీ తలుపు విభూతి పూసుకున్నట్టు ఉంది. నేను సబ్బునీళ్లు కలుపుతుండగా సత్తిబాబు గారి వ్యాను ఆగింది. "ఏంటి మాస్టారండి, ఇవాళ ముత్యాల్లేవా?" ఒక విద్యార్థిని ముందు ఓడిపోవడం వేరు, రోజూ చేతులు కట్టుకుని వినే మనిషి ముందు ఓడిపోవడం వేరు. ఏదో ఒకటి చెప్పి దాటవేస్తారనుకున్నాను.

మాస్టారు గేటు దాటి వీధి మధ్యకు వచ్చారు. ముత్యాలను ప్రకటించిన అదే గొంతుతో, ఎదురు మేడ కిటికీలు తెరుచుకునేంత గట్టిగా అన్నారు: "సత్తిబాబూ, ఇన్నాళ్లూ నేను చెప్పింది తప్పు! ముత్యాలు కట్టినా కట్టకపోయినా, సముద్రపు రోడ్డు మీద తిరిగొస్తే బండి కడగాల్సిందే. మైనం రాసుకో, వద్దనను. కానీ బొట్టును చూసి ధైర్యం తెచ్చుకోకు. ఈ అమ్మాయి నిరూపించింది."

సత్తిబాబు గారు వ్యాను దిగి వచ్చారు. "మరి నా వ్యాను సంగతేంటండి?"

"బకెట్టు ఇక్కడే ఉంది, రా."

ఆ ఉదయం మేం ముగ్గురం రెండు బండ్లు కడిగాం. వ్యాను చక్రాల పైనుండే రేకు మీద అప్పుడే తుప్పు పొక్కులు లేచి ఉన్నాయి. మాస్టారు వాటిని వేలితో తడిమి చూసి, ఇంకో బకెట్టు నీళ్లు తెచ్చారు. తర్వాత నా వైపు తిరగకుండానే, "జట్టులో నువ్వున్నావు. కొబ్బరినూనెకు కాదు. 'కాదండి' అన్నావు చూడు, దానికి" అన్నారు.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన నేర్పిన వాదనలు చాలా మరిచిపోయాను, ఆ ఉదయపు గొంతును మాత్రం మరవలేదు. తప్పును ఎంత గట్టిగా చాటామో, సవరణనూ అంత గట్టిగా చాటాలన్నది నేను ఆయన దగ్గర నేర్చుకున్న ధర్మం. మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, ట్యాంకు నీళ్లు తేటగా ఉన్నాయి కనుక తాగవచ్చని నేను ఘనంగా ప్రకటించాను. పరీక్ష చేయిస్తే పనికిరావని తేలింది. ఒక్కొక్కరికీ విడిగా, చాటుగా చెప్పుకోవాలని మనసు ఎంతో పీకింది. గ్రూపులోనే రాశాను. నవ్వినవాళ్లు నవ్వారు, నీళ్లు మాత్రం అందరూ కాచుకున్నారు.

కనుక మిమ్మల్ని ఒక్కటి అడుగుతున్నాను. మీ మాట నమ్మి, కడగవలసినదాన్ని కడగడం మానేసిన మనిషి ఒకరు మీకూ ఉంటారు. ఇవాళే వెళ్లి, ఆ మాట మొదట ఎక్కడ చెప్పారో అక్కడే నిలబడి, నలుగురూ వినేలా దాన్ని వెనక్కి తీసుకోండి.