పెన్సిల్ గీత

మా ల్యాబ్‌లో ఫర్నేస్ ఒక్కటే. అది పదిహేను వందల డిగ్రీలు ఎక్కి దిగడానికి రెండు రోజులు పట్టేది. అందుకని పౌడర్ నొక్కి చేసిన బిళ్ళలు ఎవరివైనా ఒకే పళ్ళెంలో పెట్టి కాల్చేవాళ్ళం. ఏది ఎక్కడుందో నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకోవాలి, అదీ పద్ధతి. పీహెచ్‌డీలో చేరిన మొదటి ఏడాది నాకు ఆ బొమ్మ గీయడానికి బద్ధకమేసింది. సీనియర్ అక్క బిళ్ళ మీద పెన్సిల్‌తో గీత పెట్టి, పక్కన నాది పెట్టి తలుపు మూశాను. పెన్సిల్ గీత ఆ వేడికి కాలిపోతుందని బడిపిల్లలకైనా తెలుసు. నాకే తట్టలేదు, ఏం చదువో ఏమో!

మూడో రోజు పళ్ళెం బయటికి తీస్తుంటే ఒరిగి రెండు బిళ్ళలూ జరిగాయి. గీత లేదు. రెండూ తెల్లగా, అచ్చం ఒకేలా ఉన్నాయి.

రెండూ జిర్కోనియా అనే పింగాణీలాంటి పదార్థంతో చేసినవే. అందులో యిట్రియా అనే ఇంకో పౌడర్ కలిపితే లోపల ఆక్సిజన్ సీట్లు కొన్ని ఖాళీ అవుతాయి. వేడి చేస్తే పక్కనున్న ఆక్సిజన్ ఆ ఖాళీలోకి గెంతుతుంది, దాని సీట్లోకి ఇంకొకటి వస్తుంది. రాయిలాంటి బిళ్ళలో ఆక్సిజన్ అట్లా నడుస్తుంది. అక్క బిళ్ళలో యిట్రియా సరిపడా ఉంది, నా దాంట్లో బాగా తక్కువ.

"ఏది నాది తమ్ముడూ?" అని అక్క అడిగింది.

"గిదే అక్కా" అన్నాను, గుడ్డిగా.

అది ఆమె థీసిస్‌కు చివరి రీడింగ్. జూన్‌లోగా థీసిస్ ఇస్తే వాళ్ళ నాన్నగారు పనిచేసిన కాలేజీలో లెక్చరర్ పోస్టు ఆమెదే. కానీ బిళ్ళలో ఆక్సిజన్ సరిగా కదల్లేదు. తీగలు మార్చింది, మళ్ళీ మళ్ళీ కొలిచింది. "పౌడరే సరిగ్గా చేయలేదమ్మా నువ్వు" అని మా గైడ్ సార్ అందరి ముందూ అన్నారు. ఆమె తల దించుకుంది.

ఆ మధ్యాహ్నం నా బిళ్ళ కొలిచాను. తక్కువ రావాల్సింది బ్రహ్మాండంగా వచ్చింది. అది అక్కదే. చెప్పలేదు. సార్ తిడతారని, అంతే, ఇంకే గొప్ప కారణమూ లేదు. బిళ్ళను అగ్గిపెట్టెలో పెట్టి డ్రాయర్‌లోకి తోశాను.

ఆమె పౌడర్ నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. జూన్ పోయింది, పోస్టు ఇంకెవరికో పోయింది. తార్నాక చౌరస్తాలో చాయ్ తాగుతూ, "నా చెయ్యే మంచిది కాదేమో తమ్ముడూ" అంది.

"అట్లేం లేదక్కా, ఫర్నేస్‌లనే ఏదో ప్రాబ్లమ్ ఉన్నది" అన్నాను. ఛీ, ఆ నోటితోనే మిగతా చాయ్ కూడా తాగాను.

ఏడాది తర్వాత థీసిస్ ఇచ్చింది. ఇక చెప్పేద్దామని అగ్గిపెట్టె జేబులో వేసుకుని తార్నాకలో వాళ్ళింటికి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే బైండు చేసిన కాపీ నా చేతిలో పెట్టి, కృతజ్ఞతల పేజీ తీసింది.

"చూడు తమ్ముడూ, నీ గురించి రాశాను."

అమ్మానాన్నల తర్వాతి వరుసలోనే ఉంది: నా బిళ్ళల్ని నాకంటే జాగ్రత్తగా చూసుకున్న తమ్ముడికి.

"థాంక్స్ అక్కా" అన్నాను. అగ్గిపెట్టె ఇప్పటికీ నా దగ్గరే ఉంది.