ఫ్రీ రెయిన్ అంటే వాన కాదు

ముందుగా ఒక మాట. పదవీ విరమణ తర్వాత వనపర్తిలో అద్దె ఇంట్లో ఉంటున్న నేను, ఇక నాగర్‌కర్నూల్‌లో మా తమ్ముడి పంచన చేరబోతున్నానని ఎవరో ప్రచారం చేస్తున్నారు. అది అబద్ధం. తమ్ముడు పిలిచిన మాట మాత్రం నిజం... "అక్కా, ఈ వయసుల ఒక్కదానివే ఎందుకు? నువ్వు ఏడికి వోవాల్నన్నా మేమే తోల్కపోతం గద!" అంటాడు. ప్రేమే, కాదనను. కానీ నన్ను ఒకరు తోలుకుపోవడమన్నది నాకు మింగుడుపడదు.

మా చిన్నప్పుడు... మా ఊరు గోపాల్‌పేట బడిలో ఇంగ్లీషు సారు ఒక వాక్యం పైకి చదివి, అర్థం చెప్పమన్నారు. రాజు మంత్రికి "ఫ్రీ రెయిన్" ఇచ్చాడట. "రాజుగారు మంత్రికి ఉచితంగా వాన ఇచ్చెను" అని ధీమాగా చెప్పాను.

సారు బెత్తం పక్కన పెట్టి మరీ నవ్వారు. "ఏందమ్మా, వాన మీ రాజు జేబులున్నదా? గట్లయితే మన పాలమూరుకు గూడ జర ఇయ్యమను!"

ఆ రెయిన్ వాన కాదు, పగ్గం అని ఆయనే వివరించారు. గుర్రం పగ్గాన్ని వదులు చేసి, దాని దారిన దాన్ని నడవనివ్వడం... ఒకరికి పని అప్పగించి, మధ్యలో వేలు పెట్టకుండా ఉంటే వారికి "ఫ్రీ రెయిన్" ఇచ్చినట్టు.

నాకు వింతగా తోచింది. మా ఇంట్లో పగ్గం వదలడమంటే తిట్టు! తర్వాత కొన్నేళ్లకు, వనపర్తి కాలేజీలో చేరతానని నేనన్నప్పుడు నాయనమ్మ మా నాయన మీద విరుచుకుపడింది కూడా ఆ మాటతోనే.

"ఏందిరా, ఆడివిల్లకు గిట్ల పగ్గాలిడుస్తవా? ఊరంత నవ్వదా?"

నాయన తలవంచితే నా చదువు ఆ పూటతో సరి. గడపలోనే నిలబడి విన్నాను.

"అమ్మా, పెబ్బేరు సంతల ఎద్దునెట్ల కొంటం? పగ్గమిడిసి నడిపిచ్చి సూస్తం. గుంజకుంటనే సక్కగ నడిసేదాన్నే ఇంటికి తెస్తం. నా బిడ్డ గసొంటిది. పోనియ్యి."

"నేను ఎద్దునా నాయినా?" అని మూతి ముడిచాను... ముడుచుకునే బట్టలు సర్దుకున్నాను.

ఇప్పుడు మా ఊళ్లో ఎడ్లబండ్లు లేవు. పగ్గమంటే ఏమిటని పిల్లలు అడుగుతున్నారు... మీ ఇళ్లలో మీ కోసం పగ్గం వదులు చేసినవారు ఎవరో రాయండి. చదువుతాను.

తమ్ముడికీ ఇక్కడే చెబుతున్నాను. గోపాల్‌పేటలో నా స్థలంలో రెండు గదుల ఇల్లు కట్టిస్తున్నాను. ఎవరినీ అడగలేదు. మొన్ననే స్లాబు పడింది. గృహప్రవేశానికి తప్పక రా, తమ్ముడూ... భోంచేసి, సాయంత్రం బస్సుకు వెళ్దువుగాని.