కంచరపాలెం కోనాం పులుసు రీల్ వెంట

విజయనగరంలో మాది చిన్న కర్రీ పాయింట్. ఈ మధ్య బేరాలు బొత్తిగా పడిపోయాయి. పక్క వీధిలో కొత్తగా కొట్టు తెరిచినవాడు గరిటె తిప్పుతూ రోజుకో వీడియో పెడుతుంటే జనం అక్కడికే ఎగబడుతున్నారు. "మనమూ రీల్స్ చేద్దామండీ" అని మా ఆవిడ పోరు. ఆమె చూపించిన వాటిలో విశాఖ కంచరపాలెంలోని ఒక మెస్ రీల్ నన్ను పట్టేసింది. దాకలో ఎర్రగా ఉడుకుతున్న కోనాం పులుసు, అంటే మనవాళ్లు వంజరం అనే చేప. రీల్‌లో లక్షమంది చూసిన ఆ కొట్టును కళ్లారా చూసి కిటుకు పట్టుకొద్దామని బయల్దేరాను.

పదకొండింటి పాసింజరెక్కితే గంటన్నరలో విశాఖ స్టేషన్. ఆకాశం మూసుకుపోయి ముసురు పట్టింది. ఆటో అతను నూటయాభై అన్నాడు, వందకు దిగాడు. మెస్ పేరు చెప్పగానే అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఏటి బావా, రీలు సూసొచ్చినావా? రోజూ ఎవరో ఒకర్ని దింపుతన్నాను. దిగినోళ్లు దిగినట్టే వచ్చి మళ్లీ నా ఆటోయే ఎక్కుతన్నారు."

"ఏం, బాగుండదా?"

"ఎల్లి సూడు మరి" అన్నాడు.

రైలు పట్టాలకు దగ్గర్లో రేకుల కప్పు, నాలుగు బల్లలు. ఒంటిగంట, భోజనాల వేళ. అయినా బల్లలన్నీ ఖాళీ. రుషికొండ ఆఫీసుల వాళ్లేమో, మెడలో కార్డులు వేలాడుతున్న ఇద్దరు కుర్రాళ్లు "ఒక్క స్టారు కూడా ఎక్కువే" అంటూ విసురుగా బయటికొచ్చారు. పొయ్యి దగ్గర యాభై ఏళ్ల ఆవిడ ఉంది.

"ఏటి కావాల బాబూ?"

రైల్లో ఆపిన సౌండ్ ఆపినట్టే ఉంది. ఫోన్ ఆమె ముందు పెట్టి, "ఇది" అన్నాను.

"సౌండు పెట్టండి బాబూ."

పెట్టాను. "రండి బాబూ రండి! మా పడవ కోనాం! మా పడవ సేప తప్ప ఈ దాకలో ఇంకోటి పడదు!" హుషారైన మగ గొంతు. ఆవిడ గరిటె పట్టుకుని కదలకుండా నిలబడి చివరిదాకా విన్నది. అప్పుడు చెప్పింది.

"కోనాం నేదు బాబూ. ఎండు నెత్తళ్ల పులుసుంది, కోడిగుడ్డుంది."

నాకు ఒళ్లు మండింది. "లేనప్పుడు ఈ వీడియో ఎందుకమ్మా? తీసెయ్యొచ్చుగా!"

"అది పెట్టిన మా అక్క కూతురూ తీసేత్తానంది. నానే వద్దన్నాను" అంటూ ఆకు వేసింది. "ఆ గొంతు మా ఆయనది. కిందటేడు వేటకెల్లినాడు. పడవొచ్చింది, ఆయన రానేదు. పడవ అమ్మీసినాం."

నా కోపం ఎటుపోయిందో. హార్బర్లో కోనాం కొనుక్కోవచ్చు కదా అని నెమ్మదిగా అడిగాను.

"మా పడవ సేపేనని ఆయన అందరికీ సెప్పీసినాక నానెలా కొంటాను? ఎండుసేప మా అక్క పంపుతాది. దానికేటీ అనడులే" అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. "తిట్లు రాత్తన్నారంట. పాత బేరాలూ రాటం నేదు. దసరా దాకా నడిత్తే గొప్పే."

"ఆ గొంతు మీ ఫోన్లో వినొచ్చు కదమ్మా. అందరికీ కనబడకుండా దాచుకోండి."

"ఒక్కదాన్నే వింటే సచ్చిపోయినోడి గొంతు బాబూ. మీరంతా ఆయన పిలిత్తేనే కదా వచ్చినారు?"

పులుసు చాలా బాగుంది. డబ్బులిచ్చి బయటికొచ్చాను.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక కూడా, కొట్టు ఫోటోలు నాలుగైనా తీసుకోలేదే అని అనిపించలేదు. జనాన్ని రప్పించడం నేర్చుకుందామని వెళ్లాను. ఆయన పిలుపు ఇప్పటికీ జనాన్ని రప్పిస్తూనే ఉంది, ఆ వచ్చినవాళ్లే ఆమె కొట్టును ముంచుతున్నారు. అది తెలిసీ ఆమె ఆ పిలుపును ఆపలేకపోతోంది. తప్పని ఎలా అనను? ఇంటికెళ్లగానే మా ఆవిడ, "కిటుకు తెలిసిందా? మన రీల్‌కి గొంతు మీదే పెడదామండీ" అంది. కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. దసరా లోపే వెళ్లండి, స్టేషన్ నుంచి ఆటోలో పావుగంట. కోనాం దొరకదని ఇప్పుడు మీకు తెలుసు. అయినా లోపలికెళ్లి ఆ రీల్ ఆమెకు చూపించండి. సౌండ్ పెట్టి, చివరిదాకా.