‘ఈ’ తీయనన్న టీచరమ్మ

భోపాల్‌పట్నంలో మాకు ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ పోయారు. పొద్దున్నే ఆమె అక్క ఫోన్ చేసి, “నీ టీచరమ్మ లేదు బిడ్డా, నిద్రల్నే పోయింది” అంది. మా జిల్లా కేంద్రం బీజాపూర్‌లో నేను పనిచేసే బడికి బయలుదేరబోతున్నదాన్ని, చేతిసంచి మళ్ళీ లోపల పెట్టేశాను.

మధ్యాహ్నానికి నా ఫోన్‌కు ఒక బొమ్మ వచ్చింది. ఆమె ఒకప్పుడు పనిచేసిన ప్రైవేటు బడివాళ్ళు తయారుచేసిన శ్రద్ధాంజలి. ఫొటో చుట్టూ గులాబీలు, పక్కన దీపం, కింద హిందీలో ‘ఎప్పుడూ చిరునవ్వు చెరగని మా మేడమ్’ అని. టీచరమ్మ అంత తేలిగ్గా నవ్వే మనిషి కాదు. ఉన్న ఆ కాస్త నవ్వును ఆర్పింది ఆ బడే.

ఆమెను చూడనివారికి కాస్త చెప్పాలి. సన్నటి మనిషి. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. స్పెల్లింగు తప్పు కనబడితే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టి “ఛీ” అనేవారు. కొత్తగా చేరిన రోజుల్లో ఆ మాటకు నేను ఏడ్చాను. ఆమె వంగి నా పలక తుడిచి, “మాటను అన్న, నిన్ను గాదు. మాటను నువ్వు గూడ అను, బాగుపడతది” అన్నారు.

బడిలో పాఠాలు హిందీలో. ఇంట్లో మేము తెలుగువాళ్ళం, నా పక్కన కూర్చునే పిల్లలు ఇళ్ళల్లో కొందరు దోర్లీ మాట్లాడేవారు, కొందరు గోండీ. మాటల చివర తోకలు తగిలించే పాఠం మా అందరికీ చేదు మాత్రే. మేక్‌కు ఐఎన్‌జీ కలిపితే చివరి ‘ఈ’ ఎందుకు పోతుందో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఒకరోజు ఆమె నన్ను లేపి అడిగారు.

“మీ తమ్ముడు కనబడకుంటే మీ అమ్మ ఏమంటది? వాడు, ఎక్కడ, అని రెండు ముక్కలు చేసి అంటదా?”

“వాడెక్కడ పోయిండు అంటది.”

“మరి ‘డు’లో ఉన్న ఉ ఏమైంది?”

“పోయింది.”

“ఎవరు పొమ్మన్నరు?”

నేను ఆలోచించాను. “వెనక ‘ఎ’ వచ్చింది గదా, అదే పొమ్మన్నది.”

“గంతే! మేక్ వెనక ఐ వచ్చి నిలబడ్డది. ముందున్న ‘ఈ’ మూట సర్దుకున్నది. ఇది మీ అమ్మకు రాదా?”

మరోరోజు క్రై మాట వచ్చింది. ఈడీ కలిపితే వై పోయి ఐ ఎందుకొస్తుందని ఒక పిల్ల విసుక్కుంది. “గుర్రంకు ‘లు’ కలిపి నువ్వు గుర్రంలు అంటవా? గుర్రాలు అంటవు. తోక తగిలితే మొహం మారుతది. నీ నోట్లె దినాం జరిగేదే” అన్నారు టీచరమ్మ. దోర్లీ పిల్లల్ని, గోండీ పిల్లల్ని కూడా వాళ్ళ మాటల్లో అలాంటివి వెతికి తెమ్మనేవారు. వాళ్ళు తెచ్చినవి శ్రద్ధగా పలికి నేర్చుకునేవారు. ఇంగ్లీషు మాకు పరాయిది కాకుండా పోయింది అలాగే. హోప్ అంటే ఆశ, హాప్ అంటే గెంతడం అని చెప్పి, “ఐఎన్‌జీ కలిపేటప్పుడు ఒక్క పీ ఎక్కువ రాసిన్రనుకో, ఆశపడుతున్నోడు గెంతుతడు” అన్నప్పుడు మాత్రం ఆమె పెదవి ఒక పక్కకు వంగింది. ఆమె నవ్వంటే అదే.

ఇక ఆ పోటీ సంగతి. బడి వార్షికోత్సవంలో స్పెల్లింగు పోటీ పెట్టారు. న్యాయనిర్ణేతగా రాయ్‌పుర్ నుంచి బడి యజమాని స్నేహితుడొకాయన వచ్చాడు. చివరకు ఇద్దరం మిగిలాం, నేనూ యజమాని తమ్ముడి కొడుకూ. బట్టలకు రంగు వేయడం అనే అర్థంలో డైయింగ్ రాయమన్నారు. నేను డీ, వై, ఈ, ఐ, ఎన్, జీ అని రాశాను. ఆయన ‘ఈ’ మీద అడ్డంగా గీత కొట్టి, ఐఎన్‌జీ వస్తే ‘ఈ’ పోవాలని చిన్నపిల్లలకు కూడా తెలుసని హిందీలో నవ్వాడు. ‘ఈ’ లేకుండా రాసిన ఆ అబ్బాయి చేతిలో కప్పు పెట్టారు. పాపం, వాడు కూడా బిత్తరపోయి చూశాడు.

టీచరమ్మ లేచారు. “సార్, ఈ మాటలో ‘ఈ’ ఉంటది. తీసేస్తే రంగేసే మనిషి చచ్చిపోతున్నట్టయితది. రెండూ వేరు మాటలు.”

యజమాని పళ్ళ మధ్య నుంచే అన్నాడు: “మేడమ్, బైఠియే. మెహమాన్ ముందు ఇజ్జత్ తీస్తున్నరా?”

ఆమె కూర్చోలేదు. బడివాళ్ళు మైకు ఆపేసి పాటలు పెట్టారు. అంతటితో వదిలినా బాగుండేది. తప్పు తనదేనని, ఆ మాటలో ‘ఈ’ ఉండదని మర్నాడు ప్రార్థనలో పిల్లలందరి ముందూ చెప్పాలని యజమాని ఆమెకు హుకుం వేశాడు. తప్పని అతనికీ తెలుసు. డిక్షనరీ అతని బల్లమీదే ఉంది. స్నేహితుడి ముందు చిన్నబోకూడదు, అంతే.

మర్నాడు ఆమె మా ముందు నిలబడ్డారు. “డై అంటే రంగు వేసుడు. దానికి ఐఎన్‌జీ తగిలిస్తే ‘ఈ’ ఉంటది. నిన్న ఈ పిల్ల సరిగ్గ రాసింది. నేను పోతున్న, మీరు మంచిగ చదువుకోండ్రి.” టిఫిన్ డబ్బా తీసుకుని గేటు దాటారు. వరసలో నిలబడ్డ మాలో ఒక్కరమూ కదల్లేదు.

తర్వాత ఆమెకు బుర్ర సరిగా లేదని యజమాని ఊరంతా చెప్పించాడు. మరే బడీ ఆమెను తీసుకోలేదు. బజారులో ఎదురుపడితే నమస్కారం చేసినవాళ్ళే మొహం తిప్పుకున్నారు. మిరప తోటల్లో కూలికి పోయే మా నాన్న మాత్రం నన్ను ఆ బడి మాన్పించి సర్కారీ బడిలో వేశాడు. సాయంత్రం ఆమె వాకిట్లో దిగబెట్టి, “నిజం చెప్పిన తల్లి దగ్గర కూసో” అన్నాడు. కొన్నాళ్ళు నేనొక్కదాన్నే. ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు, మొహం తిప్పుకున్నవాళ్ళ పిల్లలతో సహా. ఆమె ఎవర్నీ దెప్పలేదు. చివరిదాకా ఆ వాకిట్లోనే చెప్పారు. ఈరోజు నేను పిల్లలకు చెప్పే ఇంగ్లీషంతా అక్కడ పుట్టిందే.

మొన్న అదే బడిలో సంతాప సభ అంటే వెళ్ళాను. యజమాని కళ్ళు ఒత్తుకుంటూ, “మేడమ్ నాకు అక్కలాంటిది. తబియత్ బాగలేక తనే మానుకున్నది, మేమెంత బతిమిలాడినమో!” అన్నాడు. ఆమె పేరున ఏటా స్పెల్లింగు పోటీ పెడతామన్నాడు. చప్పట్లు మోగాయి. నేను నిలబడి, “అబద్ధం సార్. ఆమెను పంపించింది మీరే. ఆ మాట తప్పు రాసిందని గీత కొట్టించుకున్న పిల్లను నేనే” అన్నాను.

అతను ఏమాత్రం తొట్రుపడలేదు. “దుఃఖంల ఉన్నది బిడ్డ, పానీ పిలావ్” అన్నాడు పక్కవాళ్ళతో. ఎవరో నా చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టారు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళంతా నిజం తెలిసినవాళ్ళే. అందరూ తమ చెప్పుల వైపు చూసుకుంటున్నారు. గ్లాసు కుర్చీ మీద పెట్టి వచ్చేశాను.

అటునుంచి నేరుగా టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. అక్క వాకిట్లో గొంతుకూర్చుని పొద్దున ఏరుకొచ్చిన ఇప్పపూలు ఎండబోస్తోంది. పూల కింద జరీ అంచు మెరుస్తోంది.

“ఏందక్కా ఇది?”

“ఆ బడోళ్ళు పంపిన్రు, శాలువ. మీ చెల్లెకు సన్మానమట.” ఆమె తల ఎత్తలేదు. “నేల మీద పోస్తే మట్టి అంటుతది గద బిడ్డా.”

నేను ఆమె పక్కన కూర్చుని పూలు పలచగా నెరపసాగాను. కాసేపటికి ఒక మేక వచ్చి శాలువ మీదికెక్కి పూలు నమలడం మొదలుపెట్టింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. దాన్ని అదిలించడానికి అక్క చెయ్యి లేవలేదు, నాదీ లేవలేదు.