చెయ్యి చెవికి తగుల్తాందా?

ఈ ఎడారి దేశంలో, రుసైల్ ఫ్యాక్టరీల మధ్య ఎండ విరిగిన మొదటి శుక్రవారం ఎలా ఉంటుందో అక్కడ వేసవి గడిపినవాళ్లకే తెలుస్తుంది. నాలుగు నెలలు మొహం మీద పొయ్యిలా కొట్టిన గాలి ఆ పొద్దున ఎందుకో మనసు మార్చుకుంటుంది. ఈ రోజు అలాంటి పొద్దు. గేటు పక్క చాయ్ దుకాణంలో మలయాళీ అతను చాయ్‌తో పాటు గిన్నెలో నాలుగు ఖర్జూరాలు పెట్టాడు, బహ్లా తోటల నుంచి కొత్తగా వచ్చాయట. ఒకటి నోట్లో వేసుకున్నాను. మెత్తటి తీపి కరిగిపోయి నాలుక మీద గింజ ఒక్కటే మిగిలింది. దాన్ని ఉమ్మేయాలని అరచేతిలోకి తీసుకున్నానా, చెయ్యి నన్నడగకుండానే కుడి జేబులోకి పోయింది. పన్నెండేళ్లుగా ఇంతే. ఉతికే ముందు నా ప్యాంట్లు దులిపితే గింజలు రాలతాయి. ఇదేం పిచ్చి అని మా ఆవిడ ఫోన్లో నవ్వుతుంది. పిచ్చి నాది కాదు, బాషా భాయ్‌ది. నాకు అంటించి పోయాడు.

బాషా భాయ్‌ది ప్రొద్దుటూరు. మా కంపెనీలో ఫోర్క్‌లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నేను జగిత్యాల దగ్గర పల్లె నుంచి టైల్స్ గోదాములో లోడింగ్ పనికి వచ్చేనాటికి ఆయన గడ్డం సగం నెరిసింది. వారమంతా గ్రీజు చేతులతో ఇంజన్ల కింద దూరేవాడు. శుక్రవారం తెల్లారేసరికి మాత్రం తెల్లటి టోపీ, ఇస్త్రీ చేసిన చొక్కాతో ఫ్యాక్టరీల వెనుక కంకర మైదానంలో ఉండేవాడు. మా క్రికెట్ టీముకు కోచ్ ఆయనే. కెప్టెన్‌గా ఎవరున్నా బౌలర్ చేతికి బంతి వచ్చేదీ పోయేదీ భాయ్ మాట మీదే. ఆ మైదానంలో గడ్డి పరక లేదు. నడుమ సిమెంటు పిచ్, దాని మీద పరిచే పచ్చ చాప, చుట్టూ గోధుమరంగు కొండలు. చాప మీద నీళ్లు చల్లగానే లేచే ఆ వాసన, కొండల మీదికి ఎక్కీ ఎక్కనట్టుండే ఆ వెలుగు గుర్తొస్తే, ఇదంతా నిజంగా జరిగిందా, ఏ తెల్లవారుజామునో కలగన్నానా అనిపిస్తుంది.

సీజన్ మొదలవడానికి ఆరు వారాల ముందు మా సాధన మొదలయ్యేది. సాధన అంటే బంతులు వేయడం అనుకుని వెళ్లాను నేను. మొదటి వారం భాయ్ బంతి చూపించనేలేదు. బూట్లు విప్పించి ఇసుకలో నడిపించాడు. తడిపిన తువ్వాలు చేతికిచ్చి, పరుగెత్తి వచ్చి బంతి వేసినట్టే దాన్ని తిప్పమన్నాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మా మండలంలో నా బంతికి వికెట్లు ఎగిరేవి. అలాంటి నాకు తువ్వాలా! ఊళ్లో అమ్మ కూడా నాచేత బట్టలు ఉతికించలేదని మనసులో తిట్టుకుంటూ తిప్పాను.

"భాయ్, బంతి ఎప్పుడిస్తరు?" అని అడిగాను.

"నిలబడి నీళ్లు తాగు అబ్బీ. పరిగెత్తి పాలు తాగేవాళ్లను శానామందిని చూసినా," అన్నాడు.

రెండో వారం బంతి వచ్చింది, దానితో పాటే గింజలూ వచ్చాయి. సాధనకు ముందు అందరం కూర్చుని ఖర్జూరాలు తినేవాళ్లం. భాయ్ ఆ గింజల్ని కడిగి ఆరబెట్టి, ఒక పాలపొడి డబ్బాలో దాచేవాడు. బౌలర్ బంతి వేయబోయే ముందు ఆ రోజు వాడికి ఎన్ని బంతులో అన్ని గింజలు భాయ్ తన కుడి జేబులో వేసుకునేవాడు. ఒక్కో బంతికి ఒక్కో గింజ ఎడమ జేబులోకి మారేది. కుడి జేబు ఖాళీ అయిందంటే వాడి పని ఆ రోజుకు సరి. అవతలివాడు ఔటయ్యేలా ఉన్నా, బౌలర్ కాళ్లు పట్టుకున్నా వినేవాడు కాదు. వర్షం పడితే భాయ్ జేబులో ఖర్జూరపు తోట మొలుస్తుందని మేం వెక్కిరించేవాళ్లం. మొలిస్తే మొదటి గెల మీకే అనేవాడు.

గింజల లెక్క అందరికీ ఒకటి కాదు. ప్రతివాణ్నీ ముందు అడిగేవాడు: "ఈ వారం డ్యూటీలో ఏమెత్తినావు? కంటైనర్లు ఎన్ని దించినావు?" ఆఫీసులో ఫైళ్లు మోసినవాడికి ముప్పై గింజలు. సిమెంటు బస్తాలు మోసినవాడికి పన్నెండు. ఇదేం న్యాయం భాయ్, డ్యూటీ వేరు ఆట వేరు కదా అని వాదించాను. ఆయన నా భుజం మీద రెండు వేళ్లతో తట్టాడు. "దీనికేం తెలుసు నాయనా ఏది డ్యూటీనో ఏది ఆటో? ఎత్తినవన్నీ దీని లెక్కలోనే పడ్తాయి." అంత తేలికైన మాట నాకు ఒంటబట్టడానికి మూడేళ్లు పట్టింది.

అన్నిటికన్నా ముందు ఒక పరీక్ష ఉండేది. బౌలర్లంతా వరుసగా నిలబడి కుడి చెయ్యి నిటారుగా పైకెత్తాలి. భాయ్ ఒక్కొక్కరి ముందుకూ వచ్చి "చెయ్యి చెవికి తగుల్తాందా?" అని అడుగుతాడు. జబ్బ చెవిని తాకాలి. తాకకపోతే భుజం బిగుసుకుందని గుర్తు. ఆ రోజు వాడికి గింజల్లేవు, తువ్వాలే గతి.

మూడో సీజన్‌లో సంగతి ఇది. పెద్ద కంపెనీ ఒకదానికి మంచి టీము ఉండేది. బాగా ఆడేవాళ్లకు అక్కడ తేలిక డ్యూటీలు ఇస్తారని పేరు. వాళ్ల మేనేజర్ నా బౌలింగ్ గురించి విని, వచ్చే శుక్రవారం మ్యాచ్ చూడటానికి వస్తానని కబురంపాడు. నచ్చితే స్టోర్‌కీపర్ పని, ఏసీ రూమ్. రోజూ టైల్స్ పెట్టెలు దించేవాడికి అదంటే స్వర్గానికి గేట్‌పాస్. కర్మ ఏమిటంటే ఆ వారమే మా గోదాముకు వరుసగా కంటైనర్లు వచ్చాయి. నాలుగు రోజులు ఓవర్‌టైమ్ చేసి దించాను. గురువారం సాయంత్రానికి చొక్కా విప్పుకోవడానికి చెయ్యి లేవలేదు. వేడినీళ్లు పోసుకున్నాను, ఏదో తైలం రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

పొద్దున మైదానంలో భాయ్ అడిగాడు.

"ఏమెత్తినావు గంగారాం?"

"ఏం లేదు భాయ్. ఈ వారమంత లేబుళ్లు అంటించుడే."

"చెయ్యెత్తు."

ఎత్తాను. చెవికి ఇంకా జానెడు దూరం ఉండగానే భుజంలో సూది దిగినట్టయింది. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది. చెయ్యి చెవి దగ్గరికి పోనంటే, చెవినే చెయ్యి దగ్గరికి తీసుకుపోయాను. తల కొంచెం, అతి కొంచెం, కుడివైపు వంచాను. చెవికి జబ్బ వెచ్చగా తగిలింది.

"తగుల్తుంది భాయ్," అన్నాను.

భాయ్ నా కుడిచెయ్యి కిందికి దించి, అరచెయ్యి తిప్పి చూశాడు. టైల్స్ పెట్టెలకు ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దాన్ని పట్టుకుని ఎత్తితే వేళ్ల లోపలి వైపు ఎర్రటి గీతలు పడతాయి. నాలుగు వేళ్లకూ ఉన్నాయి అవి. తర్వాత కుడి జేబులో చెయ్యి పెట్టి, నా కోసం వేసుకున్న గింజలన్నీ తీసి డబ్బాలో పోసేశాడు. ఆ గలగల ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

"నువ్వీ రోజు ఆడవు."

మేనేజర్ కారు అప్పటికే మైదానం అంచున ఆగి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. కాళ్లా వేళ్లా పడ్డాను. వినకపోయేసరికి, అనకూడని మాట అన్నాను. భాయ్ బంతిని ఎప్పుడూ కింది నుంచే విసిరేవాడు, చిన్నపిల్లలు గోళీ విసిరినట్టు. దాని మీద మేం చాటుగా జోకులు వేసుకునేవాళ్లం. "బంతి పైకి ఎత్తి విసురుడే రాదు నీకు. నా బతుకు ఆపెటందుకు నువ్వెవరు?" అని అందరి ముందూ అరిచాను.

భాయ్ చొక్కా చేతి గుండీ విప్పి మెల్లగా కుడిచెయ్యి ఎత్తాడు. భుజం దాకా వచ్చి అది ఆగిపోయింది. అక్కడి నుంచి ఒక్క వేలెడు కూడా కదల్లేదు. నమాజుకు నిలబడినప్పుడు ఆయన ఎడమచెయ్యి చెవి దాకా లేవడం, కుడిచెయ్యి సగంలో ఉండిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అది ఆయన పద్ధతి కాబోలు అనుకున్నాను.

"నీ వయసులోనే," అన్నాడు గొంతు పెంచకుండా. "మా ఊర్లో జిల్లా టీముకు ఎంపిక. భుజం నొప్పి. చెయ్యెత్తు అన్నాడు మా సారు. నేనూ ఇట్లే తల వంచినా అబ్బీ. ఆయప్ప కనుక్కోలేకపోయినాడు. ఆ రోజు ఇరవై ఓవర్లు ఏసినా. ఆ ఇరవయ్యే ఆకరు." చెయ్యి దించి, "తలకాయి వంచే ఇద్య నాకు తెలీకుంటే నువ్వీ రోజు ఆడేవాడివి," అన్నాడు.

ఇది విని నేను కరిగి ఆయన కాళ్ల మీద పడ్డానని రాస్తే బాగుండేది. పడలేదు. కోపంగా రూమ్‌కు వెళ్లి పడుకున్నాను. ఆ ఉద్యోగం ఇంకొకడికి పోయింది. నెల రోజులు భాయ్‌తో మాట్లాడలేదు. నేను మాట్లాడకపోయినా ఆయన మాత్రం ఊరుకోలేదు. ఫోర్‌మన్‌ను ఎలా ఒప్పించాడో, నన్ను లోడింగ్ నుంచి తీసి తన పక్కన స్పానర్లు అందించే పనిలో వేయించాడు. రోజూ డ్యూటీ అయ్యాక తడి తువ్వాలు తెచ్చి నా మంచం మీద పెట్టి వెళ్లేవాడు. మొదటి వారం దాన్ని నేల మీదికి విసిరేశాను. రెండో వారం, ఎవరూ చూడకుండా, తిప్పడం మొదలుపెట్టాను. భుజం మెల్లమెల్లగా వదులైంది. స్పానర్లు అందిస్తూనే ఫోర్క్‌లిఫ్టు నడపడం నేర్చుకున్నాను. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ పనిదే. క్షమించమని ఎప్పుడడిగానో నాకు గుర్తులేదు. ఒక శుక్రవారం ఆయన పక్కన కూర్చుని నేను తిన్న ఖర్జూరాల గింజలు ఆయన చేతిలో పెట్టాను, ఆయన జేబులో వేసుకున్నాడు, అంతే.

వీసా అయిపోయి భాయ్ ఊరికి వెళ్లేటప్పుడు డబ్బా నాకు వదిలిపెట్టాడు. అప్పటి నుంచి బౌలర్లకు గింజలు మార్చేది నేనే. ప్రతి శుక్రవారం పొద్దున ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చేది. క్షేమసమాచారాలు లేవు, వాతావరణం లేదు, మొదటి మాటే "చెయ్యి చెవికి తగుల్తాందా?" తగుల్తుంది భాయ్ అనేవాణ్ని. తలకాయి వంచలేదు కదా అని నవ్వేవాడు. పోయిన ఎండాకాలంలో ఆయన కొడుకు ఫోన్ చేశాడు. ఆ నంబరు నుంచి ఆయన గొంతు కాకుండా వేరే గొంతు వినబడగానే నాకు అర్థమైంది. గోదాములో ఫోర్క్‌లిఫ్టు ఆపి, దాని మీదే కూర్చుని ఏడ్చాను.

చాయ్ అయిపోయింది. మైదానంలో చాప పరుస్తున్నారు, నీళ్లు చల్లిన వాసన ఇక్కడి దాకా వస్తోంది. ఈ సీజన్‌కు ఇది మొదటి శుక్రవారం. నేను వెళ్లి అందరి చేతులూ ఎత్తించాలి, ఎవరు ఏం మోశారో అడగాలి. లేచే ముందు ఒకసారి ఫోన్ వైపు చూశాను, అలవాటు. కొండల మీద వెలుగు పాలలా పరుచుకుంటోంది. చాయ్ దుకాణం ముందు, నలుగురూ చూస్తుండగానే నిలబడి, కుడిచెయ్యి నిటారుగా పైకెత్తాను. మెడ కదపలేదు. జబ్బ వచ్చి చెవిని తాకింది.

తగుల్తుంది భాయ్. తల వంచలే.