బాబాయి చెప్పే అర్థాలు

చెప్పిన అర్థం మళ్ళీ చెప్పడం బాబాయికి పుట్టుకతోనే రాలేదు. చిత్రశాలకు వచ్చినవాళ్ళకు బొమ్మలు వివరించడం ఆయన ఉద్యోగం. కాలెండర్ల మీద అందరూ చూసిన ఆ ప్రేమికుల బొమ్మ ముందు నిలబడ్డాడంటే మాత్రం, పొద్దున చెప్పినదానికీ సాయంత్రం చెప్పినదానికీ పొంతన ఉండదు.

బొమ్మలో ఉన్నది కొంచెమే. కిటికీ వైపు తిరిగి నిలబడ్డ యువకుడు, అతని వెనక సగం ఒలిచిన దానిమ్మతో యువతి, బల్ల కింద నిద్రపోతున్న కుక్క. కొత్త జంట వస్తే, "కుక్కంటే నమ్మకం. అది హాయిగా పడుకుందంటే ఇంట్లో అనుమానం లేదన్నమాట" అన్నాడు. పెళ్ళంటే హడలిపోతున్న పెళ్ళికొడుక్కి, "కుక్కకి లేని కంగారు నీకెందుకయ్యా" అన్నాడు. భర్త పోయిన ఒక పెద్దావిడకు కుర్చీ వేయించి, "అటు తిరిగాడే గాని, గది దాటి పోలేదమ్మా" అన్నాడు.

అక్కడే ఆఫీసులో పనిచేసే అన్నకూతురికి ఇదంతా తలనొప్పి.

"ఏదో ఒక అర్థం మీద నిలబడు బాబాయ్. సూపరింటెండెంటు గారిదాకా ఫిర్యాదు వెళ్ళింది."

"ఒకేచోట నిలబడితే కాళ్ళు పట్టేస్తాయమ్మా."

మర్నాడు సూపరింటెండెంటే వచ్చాడు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. అన్నకూతురు చేతిలో పని వదిలేసి ఆయన వెనకే వచ్చింది.

"ఆ దానిమ్మకి అర్థమేంటో చెప్పు. ఇకమీదట అందరికీ అదే చెప్పాలి."

బాబాయి బొమ్మను చూడలేదు. ఆయన్నే ఎగాదిగా చూశాడు.

"అలకండి. మిగతా సగం అతను ఒలవాలని ఆమె ఆపింది. ఆమే పిలవాలని ఇతను కిటికీ పట్టుకు వేలాడుతున్నాడు."

"అంటే తప్పు అతనిదా?"

"ఎవరిదైతేనేం, ఎండిపోయేది దానిమ్మే గదండీ. వాళ్ళు బొమ్మలో ఉన్నారు, ఎన్నేళ్ళయినా అలగొచ్చు. మనకా వీల్లేదు."

సూపరింటెండెంటు వరండాలోకి వెళ్ళి ఫోన్ తీశాడు. "నేనే. అవును, నేనే ముందు చేశాను" అనడం లోపలికి వినిపించింది.

"వాళ్ళావిడ అలిగి పుట్టింటికెళ్ళిందని నీకెవరు చెప్పారు?" అంది అన్నకూతురు.

"ఆయన గుండీలు. ఈ మధ్య రోజూ ఒకటి పైకీ ఒకటి కిందికీ పెట్టుకొస్తున్నాడు. ఎవరికేం కావాలో వాళ్ళ మొహం మీదే ఉంటుందమ్మా. బొమ్మదేముంది, పాపం, సర్దుకుపోతుంది."

ఆదివారం సూపరింటెండెంటు భార్యను వెంటబెట్టుకొచ్చాడు. "నాకు చెప్పిందే ఈవిడకీ చెప్పు."

బాబాయి ఇద్దర్నీ చూశాడు. ఆవిడ ఆయన కాలరు సరిచేస్తోంది.

"మర్చిపోయానండీ. మీరే చెప్పండి" అంటూ అన్నకూతుర్ని టీకి లాక్కుపోయాడు.

వెనక సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. "ఆ బల్ల కింద కుక్క ఉంది చూడు. అది నేను."